విశ్వాసం గల మనిషి

కనకమహాలక్ష్మికి నడుము కింద పుళ్ళు పడ్డాయని విన్నప్పుడు ఎలీసమ్మకు మొదట కలిగింది జాలి కాదు. ‘బాగా అయింది’ అనుకుంది. అనుకున్న మరుక్షణం తన మీద తనకే వెగటు పుట్టి, కత్తిపీట ముందు సగం తరిగిన బెండకాయలతో అలాగే కూర్చుండిపోయింది.

ఆ కబురు మోసుకొచ్చింది ఇల్లిల్లూ తిరిగే ఆశా వర్కరు సుందరమ్మ. “పెద్దింటావిడకి ఒళ్ళు కుళ్ళిపోతందండి. అమలాపురం నించి తెచ్చిన ఆయాలు ఆ వాసనకి ఆగట్లేదు. వస్తన్నారు, సంచి సర్దుకుని పోతన్నారు,” అని చెప్పి తన దారిన తాను వెళ్ళిపోయింది.

మొగలిలంకలో పెద్దిల్లంటే శ్రీరాములు గారిల్లే. గట్టు పొడుగునా కొబ్బరి తోట, దిగువన వరి చేలు, కొడుకు సాయిదుర్గాప్రసాద్ కాట్రేనికోన వైపు వేసిన రొయ్యల చెరువులు. శ్రీరాములు గారి భార్య కనకమహాలక్ష్మికి వానాకాలంలో పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది.

ఎలీసమ్మ తండ్రి యోహాను ఆ ఇంట్లోనే పాలేరు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు, చెట్ల నుంచి దింపు తీసిన కొబ్బరికాయల్లో కొన్ని తగ్గాయని, శ్రీరాములు గారి తండ్రి యోహానును తోటలో నిలబెట్టి కూలీలందరి ముందూ పచ్చి కొబ్బరిమట్టతో కొట్టాడు. ఆ కాయలు మర్నాడు రేవులో ఇంకెవరి పడవలోనో దొరికాయి. దొరికాక కూడా పెద్దింటి నుంచి ఎవరూ వచ్చి ఒక్క మాట అనలేదు. యోహాను మాత్రం కూతురి చేత వీపుకి ఆముదం రాయించుకుంటూ, కొట్టినవాళ్ళ కోసం ప్రార్థన చేశాడు. రాస్తున్న పిల్లకి ఆ ప్రార్థన వింటుంటే ఒళ్ళు మండిపోయింది.

ఆ పిల్ల చదువుకుంది. మిషను ఆసుపత్రిలో నర్సు ట్రైనింగు, ఆపైన గవర్నమెంటు ఉద్యోగం, పెళ్ళి, పేటలో డాబా ఇల్లు, పెన్షను. భర్త పోయాక కూడా ఎవరి ముందూ తల వంచాల్సిన అవసరం రాలేదు. తండ్రి లాగే తనూ క్షమించేశానని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది. బెండకాయల ముందు కూర్చున్నాక తెలిసింది, క్షమించలేదని. మోకాళ్ళ మీద పడి ఆ సంగతి దేవుడికి చెప్పుకుంది గానీ మనసు తేలికపడలేదు. ఇది నోటితో తీరేది కాదనిపించింది. తెల్లారగానే దూది, గాజుగుడ్డ, సెలైను సీసా సంచిలో పెట్టుకుని ఆ ఇంటి మెట్లెక్కింది.

శ్రీరాములు గారు వసారాలో పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు.

“ఏం ఎలీసమ్మా, ఇలా వచ్చేవ్?”

“అమ్మగారికి పుళ్ళు పడ్డాయని విన్నానండి. ఓసారి చూసి కట్టు కడదామని వచ్చేనండి.”

“కడితే మంచిదే. మరి నీకేమివ్వాలో...”

“ఏమీ వద్దండి.”

ఆయన కళ్ళజోడు తీసి ఆమెను ఎగాదిగా చూశారు. కాసేపటికి ఆయన ముఖం విచ్చుకుంది. “అదీ! మన యోహాను కూతురివి కదూ!” అన్నారు, తనలో తాను ఏదో తేల్చుకున్నట్టు. ఎలీసమ్మ ఆ మాటను పట్టించుకోకుండా లోపలికి నడిచింది.

గదిలో అగరొత్తుల పొగ. దాని కింద ఆమెకు ముప్ఫై ఏళ్ళ పైబడి పరిచయమున్న వాసన. కనకమహాలక్ష్మిని పక్కకి తిప్పి చూస్తే పుండు అరచెయ్యంత ఉంది. కోడలు భవానీదేవి గుమ్మంలో నిలబడి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల చెడ్డది కాదు, భయపడింది, అంతే. ఎలా తిప్పాలో, దిండు ఎక్కడ పెట్టాలో చూపిస్తే బుద్ధిగా నేర్చుకుంది. ఎలీసమ్మ పుండు కడిగి, చచ్చిన కండ తీసి, కట్టు కట్టింది. అప్పటిదాకా మూలిగిన మనిషి కట్టు పూర్తయ్యేసరికి నిద్రపోయింది.

ఆ తర్వాత పొద్దునా సాయంత్రం వెళ్ళడం అలవాటైంది. వెళ్ళినప్పుడల్లా భవానీదేవి కాఫీ ఇచ్చేది. ఇంట్లోవాళ్ళకి స్టీలు గ్లాసులు, ఎలీసమ్మకి కాగితం కప్పు. “కరోనా దగ్గర్నించీ అలవాటైపోయిందండి,” అంది మొదటి రోజు, ఎవరూ అడక్కుండానే. ఎలీసమ్మ ‘ఆయ్’ అని తలూపి తాగేసింది. చలికాలం నడిమికి పుండు అడుగు నుంచి ఎర్రగా కొత్త కండ పట్టింది.

ఎలీసమ్మ ఇలా నోరు మెదపకుండా చెయ్యడం నచ్చని మనిషి ఒక్కడే ఉన్నాడు. తమ్ముడు వరప్రసాదం. పేటలోని గుడికి పాస్టరు. గొంతు మంచిది, మాట ఇంకా మంచిది. అతను మాట్లాడితే పక్క ఊళ్ళ నుంచి ఆటోలు కట్టించుకుని వస్తారు. ఫోనుల్లో అతని ప్రసంగాలు చూసేవాళ్ళు గల్ఫులో కూడా ఉన్నారని గుడిలో చెప్పుకుంటారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అక్క ఇంట్లో భోజనం చేస్తూ కదిపాడు.

“అక్కా, నన్నొకసారి ఆ ఇంటికి తీసుకెళ్ళు. ప్రార్థన చేసి వచ్చేస్తాను.”

“వద్దురా. ఆవిడ మంచం మీద తిరగలేదు. నువ్వేం చెప్పినా పడుండి వినాల్సిందే. అలా వినిపించకూడదు.”

“పోనీ నువ్వు చెప్పు. చేతులు కట్లు కడతాయి గానీ సువార్త చెప్పవు కదా.”

“చెప్పినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు ప్రసాదం. పుండు కడిగినవాళ్ళే లేరు.”

వరప్రసాదం చేపల పులుసు కలుపుకుంటూ నవ్వాడు. “నువ్వెందుకు చేస్తున్నావో నువ్వు చెప్పకపోతే, ఇంకోడు ఇంకోలా చెప్పుకుంటాడక్కా. అది మాత్రం గుర్తుపెట్టుకో.”

ఆమె అతని కంచంలో ఇంకో చేపముక్క వేసి ఆ మాట అక్కడికి తుంచేసింది.

కనకమహాలక్ష్మికి మాట ముక్కలు ముక్కలుగా తిరిగొచ్చింది. ముందు ‘నీళ్ళు’, తర్వాత ‘చాలు’, ఆ తర్వాత మనవడి పేరు. ఒక సాయంత్రం కట్టు మారుస్తుంటే ఎడం చెయ్యి చాచి ఎలీసమ్మ మణికట్టు పట్టుకుంది.

“లీసా... నువ్వెందుకు... వస్తున్నావే?”

గదిలో ఇంకెవరూ లేరు. భవానీదేవి పెరట్లో బట్టలు తీస్తోంది. జవాబు మొత్తం ఎలీసమ్మ నాలుక మీదకి వచ్చింది. కానీ అది కొబ్బరిమట్ట దగ్గర్నించి మొదలుపెట్టి చెప్పాల్సిన జవాబు. పక్కకి తిరగలేని మనిషితో, నీ మావగారు మా నాన్నని కొట్టాడు, నీకు పుళ్ళు పడ్డాయంటే నేను సంతోషించాను, ఆ పాపం వదిలించుకోవడానికి వస్తున్నాను అని ఎలా చెప్పడం? చెబితే చివర ప్రభువు పేరు చెప్పాలి. చెప్పిన మర్నాడు ఊరంతా, ఇదా సంగతి, ఇందుకా వచ్చింది అంటుంది.

“ఇంట్లో ఖాళీగా కూర్చోలేనండి. నాకూ పొద్దుపోవాలి కదా,” అంది నవ్వి.

కనకమహాలక్ష్మి ఆమె ముఖంలోకి చూసింది. ఏదో పెద్దది అడిగితే చిల్లర మాట చేతిలో పెట్టారన్నట్టు చూసి, మణికట్టు వదిలేసి ముఖం గోడవైపు తిప్పుకుంది. ఇంటికి నడుస్తూ ఎలీసమ్మ తనకు తాను సర్దిచెప్పుకుంది: చేతులు చెప్పేశాయి, ఇంక నోటితో పనేముంది? ఆ పూటకి ఆ సమాధానం బాగానే ఉంది.

ఫిబ్రవరిలో వరప్రసాదం గుడివాళ్ళు హైస్కూలు గ్రౌండులో ఉజ్జీవ సభలు పెట్టారు. రంగు లైట్లు, నాలుగు దిక్కులకీ మైకులు, స్టేజీ పక్కన కెమెరా. ఎలీసమ్మ ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుంది. వరప్రసాదం మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గిస్తే జనం ముందుకు వంగుతారు.

“పేరు చెప్పను. ఈ ఊళ్ళోనే, గొప్పింటి తల్లి. డాక్టర్లు చేతులెత్తేసిన తల్లి. నోట మాట లేని తల్లి. మా అక్క ఆ గుమ్మంలో అడుగుపెట్టి ప్రార్థించింది. ఏమైంది? నోరు తిరిగింది! ఆ నోరు ఇప్పుడు ఎవరి నామం పలుకుతోందో చెప్పనా?”

చెప్పక్కర్లేకపోయింది. గ్రౌండంతా హల్లెలూయా అని లేచింది. కెమెరా తిరిగి ఎలీసమ్మ ముఖం మీద ఆగింది. లేచి, కాదు అనాలి. ఆ చప్పట్ల మధ్య ఆమె కూర్చునే ఉండిపోయింది. పక్కనున్న ఆడవాళ్ళు ఆమె చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంటున్నారు.

మర్నాడు పొద్దున ఆమె కంటే ముందు ఆ వీడియో పెద్దింటికి చేరింది. సాయిదుర్గాప్రసాద్ ఫోను పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు.

“ఇందుకా నర్సమ్మ గారూ, రెండు పూటలా తిరిగేరు? మా అమ్మని మతం మార్చడానికా?”

“నేనావిడ దగ్గర ఒక్కసారి కూడా ప్రార్థన చెయ్యలేదు బాబూ. కావాలంటే మీ ఆవిణ్ణి అడగండి.”

గుమ్మంలో ఉన్న భవానీదేవి తల దించుకుంది.

వసారాలోంచి శ్రీరాములు గారు లేచి వచ్చారు. “ఒరే, ఆవిణ్ణేమీ అనకు,” అని కొడుకుని వెనక్కి నెట్టి, ఎలీసమ్మ వైపు ప్రేమగానే చూశారు. “నాకు తెలుసు ఎలీసమ్మా. నీకా బుద్ధి లేదు. మీ తమ్ముడు వాగితే నువ్వేం చేస్తావ్? మీ నాన్న మా తోటలో బతుకంతా పడున్నాడు. తిట్టినా కొట్టినా గుమ్మం వదల్లేదు. అదీ విశ్వాసమంటే. ఆ విశ్వాసం నీ రక్తంలో ఉంది కాబట్టే పిలవకుండా వచ్చి చాకిరీ చేసేవు.”

విశ్వాసం. ఆమె ప్రతి ఆదివారం గుడిలో పలికే మాట. ఈ గేటు దగ్గర దాన్ని పెంపుడు కుక్క గురించి అన్నట్టు అంటున్నారు. ఇన్ని నెలలుగా తను కట్టిన కట్లన్నీ ఈ ఇంట్లో ఆ లెక్కలోనే పడ్డాయన్నమాట. ప్రభువు కోసం చేస్తున్నానని తను అనుకుంటుంటే, పాలేరు కూతురు రుణం తీర్చుకుంటోందని వీళ్ళు అనుకున్నారు. చేతులు చెప్పాయనుకున్నది ఇదా?

“కాదండి,” అంది. “మీ నాన్నగారు మా నాన్నని చెయ్యని దొంగతనానికి కొబ్బరిమట్టతో కొట్టేరు. నేను చూసేను. మీరన్న విశ్వాసమే అయితే ఈ గుమ్మం తొక్కేదాన్ని కాదు. అమ్మగారి ఒళ్ళు కుళ్ళుతోందంటే విని సంతోషించేను. నా ప్రభువు ఆ సంతోషాన్ని నా దగ్గర ఉంచుకోనివ్వలేదు. అందుకొచ్చేను. ఆయన కోసం వచ్చేను. మీ కోసం కాదు.”

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కానీ నెలల తరబడి లోపల దాచిన మాట, చెప్పాల్సిన మనిషికి కాకుండా, చెప్పకూడని చోట, రాళ్ళు విసిరినట్టు బయటికొచ్చింది.

“విన్నారా నాన్నా?” అన్నాడు సాయిదుర్గాప్రసాద్. “నోటితోనే ఒప్పుకుంది. వాళ్ళ ప్రభువు కోసం వచ్చిందంట. అమ్మ ఒళ్ళు కుళ్ళుతుంటే సంతోషపడిందంట!”

శ్రీరాములు గారి ముఖంలో ఇందాకటి ప్రేమ లేదు. కొట్టిన సంగతి విన్నందుకో, విశ్వాసం కాదన్నందుకో గానీ, ఆయన రోడ్డు వైపు చెయ్యి చూపించారు. “వెళ్ళమ్మా. ఇంక రాకు,” అన్నారు.

లోపలి గదిలోంచి “లీసా... లీసా...” అని పిలుపు వినిపించింది. ఎలీసమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. సాయిదుర్గాప్రసాద్ గేటు మూసేశాడు.

తర్వాతి కబుర్లన్నీ సుందరమ్మ నోటి నుంచే తెలిశాయి. ఏజెన్సీ నుంచి ఒక నర్సును పెట్టారు, ఆమె కొన్నాళ్ళు చేసి వెళ్ళిపోయింది. తర్వాత వచ్చిన ఆయా ఫోను చూసుకుంటూ కూర్చునేది. ఎండలు ముదిరేసరికి పుండు మళ్ళీ తెరుచుకుంది. జ్వరం వచ్చింది. కాకినాడ తీసుకెళ్ళారు. విషం రక్తంలోకి పాకిందన్నారు. అక్కడే పోయింది.

శవయాత్ర గట్టు మీదుగా వెళ్తుంటే ఎలీసమ్మ కాలవకి ఇవతల నిలబడి చూసింది. కట్టు కట్టిన ఆ నడుము పూల కింద ఎక్కడుందో ఆమె కళ్ళకి తెలుస్తూనే ఉంది.

పెద్దకర్మ అయ్యాక ఒక మధ్యాహ్నం భవానీదేవి పేటలోకి వచ్చింది. ఆ ఇంటి కోడలు ఎలీసమ్మ గడప తొక్కడం అదే మొదలు. “మీ కత్తెరా, స్టీలు డబ్బా మా దగ్గర ఉండిపోయేయండి,” అని బల్ల మీద పెట్టింది. వెళ్ళిపోకుండా నిలబడింది. ఎలీసమ్మ కాఫీ కలిపి ఇస్తే రెండు చేతులా పట్టుకుంది గానీ తాగలేదు.

“అత్తయ్య గారు మిమ్మల్ని చాలా అడిగేరండి. రోజూ లీసా లీసా అనేవారు. చివరికి ఈయన చెప్పేసేరు. ఆవిడ తమ్ముడి సభలో చెప్పుకోడానికి వచ్చిందమ్మా, పనైపోయింది, ఇంక రాదు అని.”

“ఆవిడేమన్నారమ్మా?”

“‘అంతేనా’ అన్నారండి. ఆ తర్వాత మరి మీ పేరెత్తలేదు.”

ఎలీసమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుంది. “మీరున్నారు కదమ్మా. రోజూ చూసేరు కదా. మీరైనా కాదని చెప్పలేకపోయేరా?”

భవానీదేవి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నేనేం చెప్పనండి? మీరెందుకొచ్చేవారో నాకూ తెలీదు కదండి.”

ఆ వచ్చిన ఆదివారం వరప్రసాదం ప్రసంగంలో మళ్ళీ ఆ గొప్పింటి తల్లి వచ్చింది. లోకం అడ్డుపడినా, ఇంటివాళ్ళు తలుపులు మూసినా, ఆఖరి ఊపిరిలో ఆ తల్లి ప్రభువును ఒప్పుకుని కన్నుమూసిందన్నాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటున్నారు.

ఈసారి ఎలీసమ్మ లేచింది.

“అది అబద్ధం అయ్యగారూ.”

గుడంతా ఆమె వైపు తిరిగింది.

“ఆవిడ ఎవర్నీ ఒప్పుకోలేదు. ఒప్పుకోవడానికి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అడిగింది, నన్నే అడిగింది, నేను చెప్పలేదు. మీరు మైకులో చెప్పింది విని వాళ్ళు నన్ను గెంటేసేరు. ఆవిడ ఒళ్ళు పుచ్చి చచ్చిపోయింది.”

వరప్రసాదం ఒక్క క్షణమే తడబడ్డాడు. తర్వాత మైకులో చాలా మెత్తగా అన్నాడు: “అక్క దుఃఖంలో ఉంది. అందరం అక్క కోసం ప్రార్థన చేద్దాం.” కీబోర్డు మోగడం మొదలైంది. చేతులు పైకి లేచాయి. అందరూ కళ్ళు మూసుకుని, ఆమెకు ఓదార్పు ఇమ్మని గట్టిగా ప్రార్థిస్తున్నారు. ఆ చేతుల మధ్య ఆమె ఒక్కతే కళ్ళు తెరుచుకుని నిలబడింది. ఇంకేదో అంది గానీ అది ఆమెకే వినిపించలేదు.

బయట చెప్పులు వేసుకుంటుంటే వరప్రసాదం వెంట వచ్చాడు. చెమటకి తెల్ల చొక్కా వీపుకి అంటుకుపోయింది.

“ఎవరికి నష్టమక్కా? పోయినావిడకి లేదు. విన్నవాళ్ళకి ధైర్యం వస్తుంది.”

“నిజం కాదురా అది.”

“నిజం నీ దగ్గరే ఉంది కదా, ఏం చేసేవు? నోరు విప్పాల్సినప్పుడు నువ్వు విప్పలేదు. నేను విప్పేను. ఇప్పుడు నన్నంటావేంటి?”

అతనన్నదాంట్లో సగం నిజం ఉంది, ఆ సగం తను నోరు విప్పకపోవడం గురించే కావడం ఆమె భరించలేకపోయింది. ఆ తర్వాత ఆమె ఆ గుడికి వెళ్ళలేదు. ఇంట్లోనే బైబిలు తెరిచి కూర్చునేది. చాలాసార్లు చదవకుండానే మూసేసేది.

తొలకరి పడ్డాక గోదావరి పాయలో బాప్తిస్మాలు జరిగాయి. ఎన్నడూ లేనంతమంది వచ్చారట. ఆ వారంలోనే ఒక సాయంత్రం, కాట్రేనికోన దగ్గర పల్లెపాలెం నుంచి సత్యవతి అనే నడివయసు మనిషి ఎలీసమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. బయట ఆటోలో ఆమె భర్త కూర్చున్నాడు, కాలికి గుడ్డ చుట్టుకుని.

“వందనాలండి అమ్మగారూ. మీ సాక్ష్యం వినే నేను బాప్తిస్మం తీసుకున్నానండి.”

“నా సాక్ష్యమేంటమ్మా?”

“అదేనండి, ఆ గొప్పింటావిడ మీ చేతుల మీద ప్రభువుని నమ్మి కన్నుమూసేరు కదండి. ఫోనులో ఎన్నిసార్లు చూసేనో. చూసినప్పుడల్లా ఏడుపే.”

ఎలీసమ్మ ఆమెను కూర్చోబెట్టింది. కొబ్బరిమట్ట దగ్గర్నించి ‘అంతేనా’ దాకా, తను సంతోషించిన సంగతి, అడిగినా చెప్పకుండా దాటేసిన సంగతి, గేటు దగ్గర అరిచిన సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. అంత నిదానంగా, అంత పూర్తిగా అదంతా ఎవరికైనా చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. చెబుతున్నంతసేపూ సత్యవతి కన్నీళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

చెప్పడం అయ్యాక ముక్కు చీది, చేతులు జోడించింది. “ఎంత తగ్గింపు మనసండీ మీది! అయ్యగారు ముందే చెప్పేరండి. మా అక్క ఒప్పుకోదమ్మా, తన పేరు రానివ్వదు అని.”

ఎలీసమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఆ ముఖం నిండా సంతోషమే. దాంట్లో అనుమానానికి చోటెక్కడా లేదు. ఇంకోసారి మొదలుపెడదామని నోరు తెరిచి, మూసేసింది.

“మీ ఆయన్ని లోపలికి తీసుకురా,” అంది.

అతనికి షుగరు. చెరువులో గుల్ల పెంకు గుచ్చుకున్న పాదం వాచి, మడమ దగ్గర నల్లబడింది. ఎలీసమ్మ నేల మీద కూర్చుని, ఆ పాదం ఒళ్ళో పెట్టుకుని కడగడం మొదలుపెట్టింది. అతను సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కోబోతే గట్టిగా పట్టుకుంది. కట్టు ముడి వేస్తుండగా వెనక ఫోను టిక్కుమంది.

“అయ్యగారు గ్రూపులో పెట్టమన్నారండి,” అంది సత్యవతి.

ఎలీసమ్మ వెనక్కి తిరగలేదు. మిగిలిన గాజుగుడ్డ చుడుతూ, అతని వైపే చూసి చెప్పింది.

“ఎల్లుండి కట్టు మార్చాలి. నువ్వొక్కడివే రా బాబూ.”